తొలి నవలకు తొలి పుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఒక పల్లెలో ఒక గ్రంథాలయం 25 ఏండ్లు తలుపులు మూయక నిలిచినదంటే, ఆ ఊరివారు అన్నం తరువాత అక్షరాన్ని నమ్మినారని అర్థం. చందా చెల్లించినవారు, ఇంటిలోని పుస్తకాలు తెచ్చి ఇచ్చినవారు, ప్రతి సాయంకాలం బీరువాలు తెరచి కూర్చున్నవారు, అందరూ ఈ ఉత్సవంలో భాగస్వాములే. ఈ సభలో ఏమి మాట్లాడవలెనని నేను అడిగినప్పుడు కార్యవర్గంవారు ఒక కోరిక కోరినారు. "మా ఊరి పిల్లలలో నవల వ్రాయవలెనని ఉబలాటపడేవారు కొందరున్నారు. ఎక్కడ మొదలు పెట్టవలెనో తెలియక ఆగిపోతున్నారు. ఆ మొదలు సంగతి చెప్పండి" అన్నారు.

నవలాశాస్త్రమంతా ఒక్క సాయంకాలంలో చెప్పుట సాధ్యం కాదు, అవసరమూ లేదు. మదనపల్లెలో అధ్యాపకులుగా పనిచేసిన వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారు 'నవలాశిల్పం' అనే గ్రంథంలో ఆ పని చేసిపెట్టినారు. వారు విమర్శకులే కాదు, స్వయంగా నవలలు వ్రాసినవారు; మన సీమవారు. ఆ పుస్తకం చదవవలసినదే. అయితే దానిని చదివినంతమాత్రాన ఎవరికీ తొలి పుట దొరకదు. ఈత గురించి ఎంత విన్నా, ఒకనాడు బావిలో దిగక తప్పదు కదా. నేను నేడు చెప్పబూనినది ఆ దిగుట గురించి మాత్రమే.

వ్రాయదలచి వ్రాయలేకపోతున్నవారు చెప్పే కారణాలు సాధారణంగా మూడు. "మా ఊరిలో వ్రాయదగినదేమున్నది?" అనేది మొదటిది. "మా మాట పుస్తకానికి పనికివచ్చే మాట కాదు" అనేది రెండవది. "నాకు అంత చదువూ లేదు, తీరికా లేదు" అనేది మూడవది. ఈ మూడింటికీ నేను తర్కంతో సమాధానం చెప్పను. మనకంటె ముందు ఈ దారిన నడచినవారు ఎట్లా బయలుదేరినారో చెబుతాను. నిర్ణయం మీదే.

మొదటి మాట తీసుకొందాం. తెలుగులో నవల అనేది పుట్టి 150 ఏండ్లు దాటినది. నరహరి గోపాలకృష్ణమ శెట్టిగారి 'శ్రీ రంగరాజ చరిత్ర' 1872లో వెలువడినది. ఆయన మన రాయలసీమలో, కర్నూలులో డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేసినవారు. పిమ్మట 1878లో కందుకూరి వీరేశలింగంగారు 'రాజశేఖర చరిత్రము' ప్రారంభించినారు. ఈ ప్రారంభం ఎట్లా జరిగినదో గమనించండి. ఆయనకు ఆంగ్లంలో గోల్డ్‌స్మిత్ వ్రాసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' అనే నవల నచ్చినది. దానిని తెలుగు చేయబూని, కొంత సాగించి, విడిచిపెట్టినారు. విడిచిపెట్టి ఊరకుండలేదు. ఆ నవల వలన కలిగిన ఉత్సాహాన్ని మాత్రం ఉంచుకొని, తాము ఎరిగిన గోదావరి తీరానికి, ధవళేశ్వరానికి, తమ చుట్టూ ఉన్న మనుషుల వద్దకు తిరిగి వచ్చినారు. పొగడ్తలకు లొంగి ఆస్తి పోగొట్టుకొన్న గృహస్థు, బంగారం చేసి ఇస్తానని వచ్చి ఉన్న బంగారం కాస్తా ఎత్తుకొనిపోయిన బైరాగి, ఇటువంటివారు ఇంగ్లాండునుండి దిగుమతి అయినవారు కారు. ఆ రచన మొదట ఆయన పత్రిక 'వివేకవర్ధని'లో భాగాలుగా వచ్చి, 1880లో పుస్తకమైనది. తరువాత 1887లో అది 'ఫార్చూన్స్ వీల్' అనే పేరుతో ఆంగ్లంలోనికే వెళ్లినది. గోల్డ్‌స్మిత్‌ను ఉన్నదున్నట్లు తెలుగు చేసి ఉంటే దానిని మరల ఆంగ్లంలోనికి తీసుకొనిపోయే పని ఎవరికి ఉండేది?

ఇందులోని నీతి స్పష్టం. ఇతరుల నవల మనకు అగ్గి ఇవ్వగలదు. కట్టెలు మాత్రం మనవే కావలె.

"అది గోదావరి; అక్కడ చెప్పుకొనేందుకు ఏదో ఉన్నది. మా మిట్టభూముల్లో ఏమున్నది?" అంటారేమో. అట్లయితే మన జిల్లావాడే అయిన కేశవరెడ్డిగారిని చూడండి. ఆయన 1946లో చిత్తూరు జిల్లా తలుపులపల్లెలో పుట్టినారు. వైద్యవిద్య చదివి, కుష్ఠువ్యాధి వైద్యులై, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలోని విక్టోరియా ఆసుపత్రిలో చిరకాలం సేవ చేసినారు. 2015లో మరణించినారు. బ్రతుకుతెరువు వందల మైళ్ల అవతల; కాని కలం పట్టినప్పుడల్లా ఆయన నడచినది ఎక్కువగా ఈ చిత్తూరు సీమలోనే. 'అతడు అడవిని జయించాడు' అనే ఆయన నవలలో ఉన్నదంతా ఎంత? పందులు మేపుకొనే ఒక ముసలివాడు. ఈనడానికి సిద్ధంగా ఉండి ఇల్లు చేరని ఒక పంది. దానిని వెదుకుతూ అడవిలో గడచిన ఒక రాత్రి. రాజులు లేరు, ఓడలు లేరు, పట్టణం లేదు. ఈన్న పంది తన యజమానినే దగ్గరకు రానివ్వదు. అతడు దానిని విడిచి పోలేడు. ఇంతే. ఈ ఇంతలోనుండియే మనిషికీ అడవికీ, మమతకూ ప్రాణభయానికీ నడుమ ఉన్న పోరాటమంతా బయటికి వచ్చినది. పందుల దొడ్డి పక్కగా ప్రతిదినమూ మనమూ నడచిపోయినాము. మనకు కనిపించినది దొడ్డి. ఆయనకు కనిపించినది నవల.

కె. సభాగారు, మధురాంతకం రాజారాంగారు, పులికంటి కృష్ణారెడ్డిగారు, వీరందరూ ఈ సీమ పల్లెలనుండి వచ్చి ఈ సీమ పల్లెలనే వ్రాసినవారు. రాజారాంగారు దామలచెరువులో ఉపాధ్యాయులుగా ఉంటూ వ్రాసిన కథల సంపుటికి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. కనుక "మా ఊరిలో ఏమున్నది" అనే ప్రశ్నకు జవాబు ఈ గ్రంథాలయం బీరువాలలోనే ఉన్నది. ఒకసారి తీసి చూడండి.

రెండవ మాట, భాష. మన పిల్లలు ఇంటిలో "యాడికి పోతాండావు" అని, కాగితం తీయగానే "ఎచ్చటికి వెళ్లుచుంటివి" అని వ్రాస్తారు. ఆ రెండు మాటల మధ్యనే సగం నవలలు చచ్చిపోతున్నాయి. ఈ సభలో నేను కొంత పుస్తకపు భాష మాట్లాడుతున్నాను. సభకు అది మర్యాద. నవలలో మనిషికి అతని నోటిమాటయే మర్యాద. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 'మాలపల్లి'లో పల్లెజనం మాటకు చోటిచ్చి నూరేండ్లు గడచినవి. కేశవరెడ్డిగారు ఒక నవలకు 'రాముడుండాడు రాజ్జముండాది' అని పేరే మన యాసలో పెట్టినారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారు 'మిట్టూరోడి కథలు' తమ ఇంటిభాషలో చెప్పి, గోదావరి వారిచేతనూ తెలంగాణం వారిచేతనూ చదివించినారు.

అయితే యాస అంటే ప్రతి మాటనూ వంకరగా వ్రాయుట అని భ్రమపడకండి. యాస ప్రాణం పలుకుబడిలో ఉన్నది. ఎవరు ఎవరిని "అబ్బోడా" అంటారు, ఎవరిని "అన్నా" అంటారు, ఎవరి ముందు మాట తగ్గిస్తారు, కోపంలో ఏ సామెత వాడుతారు, ఇవన్నీ భాషే. మీరు కథ చెప్పే భాష సాదా తెలుగు కావచ్చు. పాత్రలు మాట్లాడేది వారి మాట కావలె. ముందు ఈ ఒక్క ఏర్పాటు చేసుకొంటే చేయి సాగుతుంది.

ఇందులో మరొక సంగతి ఉన్నది. ఎద్దులతో కపిల తోలినవారు, చెరకు గానుగ వద్ద బెల్లపు పాకం చూచి దించినవారు, చెరువు తూము వద్ద వంతు నీళ్లకు రాత్రులు కాచినవారు ఈ సభలో కొందరు పెద్దలున్నారు. కపిలలో ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పేరు ఉండేది. ఆ పేర్లు ఇప్పటి పిల్లలకు తెలియవు. వస్తువు పోయినప్పుడు పేరు పోవుట సహజమే. కాని ఆ వస్తువుతో బ్రతికిన మనుషుల సంతోషమూ దుఃఖమూ కూడ పేరు లేకుండా పోకూడదు. శాసనాలు రాజుల దానాలు చెబుతాయి. రెవిన్యూ పుస్తకాలు సర్వే నెంబర్లు చెబుతాయి. కయ్య అమ్ముకొన్న నాటి రాత్రి ఆ ఇంట్లో అన్నం ఉడికినదా లేదా అనే సంగతి నవల తప్ప మరేదీ చెప్పదు. మన ఊరివారు వ్రాయకపోతే దానిని వ్రాసేందుకు పొరుగూరినుండి ఎవరూ రారు.

ఇక మూడవ మాట: చదువు, తీరిక. ఉన్నవవారు బారిస్టరు చదివినవారు, నిజమే. కాని 'మాలపల్లి' వ్రాసిన చోటు ఏది? చిత్తూరికి దక్షిణాన, కూతవేటు దూరమని చెప్పదగిన రాయవెల్లూరు జైలు. స్వాతంత్ర్యోద్యమంలో శిక్ష పడి అక్కడ ఉన్నప్పుడు ఆ నవల రూపొందినది, 1922లో ప్రచురితమైనది. గుంటూరు సీమ పల్లె బ్రతుకును ఆయన జైలు గోడల నడుమ కూర్చుండి కట్టెదుట నిలిపినారు. ఎదురుగా లేని ఊరిని వ్రాయగలిగినారంటే, ఆ ఊరిని అంతకుముందు ఎంత శ్రద్ధగా చూచి ఉండవలె! తీరిక కంటె ముందు కావలసినది ఈ చూపు.

వట్టికోట ఆళ్వారుస్వామిగారిని స్మరించండి. ఒక ఉపాధ్యాయునికి వంటచేసి పెడుతూ ఆయన చదువు నేర్చుకొన్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి పుస్తకాలు ప్రచురించినారు. గ్రంథాలయోద్యమంలో పనిచేసినారు. చివరకు 'ప్రజల మనిషి' నవల వ్రాసినారు. గ్రంథాలయంలో పెరిగినవాడు నవలాకారుడగుటకు ఇంతకంటె నిదర్శనం వెదకనక్కరలేదు. రంగనాయకమ్మగారి బడిచదువు ఉన్నత పాఠశాలతో ఆగిపోయినది. ఆమె నవలలు చదవని ఇల్లు ఒకప్పుడు అరుదు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారికి యౌవనమునుండియే రేచీకటి. తరువాత చూపు పూర్తిగా పోయినది. అయినను చెప్పి వ్రాయించినారు. ఈ మాట ఇక్కడి వృద్ధులకోసం చెబుతున్నాను. మీకు వ్రాయుట రాకపోవచ్చు, కన్నులు ఆనకపోవచ్చు. చెప్పుట వచ్చును కదా. మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకొని చెప్పండి, ఆమె వ్రాసుకొంటుంది.

కారణాలు మూడూ తీరినవనుకొందాం. ఇక కాగితం ముందుకు రండి.

మొదట తెలుసుకోవలసినది, విషయం వేరు, నవల వేరు. "నేను నీటి ఎద్దడి మీద నవల వ్రాస్తాను" అని ఒక యువకుడు అంటాడు. నీటి ఎద్దడి విషయం. దాని మీద వ్యాసం వ్రాయవచ్చు. నవల కావలెనంటే ఒక ఇల్లు కావలె. ఆ ఇంట్లో వేయి అడుగులు తవ్వించిన రెండు బోర్లు ఎండిపోయినవి. మూడవ బోరు వేయించవలెనని తండ్రి పట్టుదల. భూమి అమ్మి బెంగుళూరు పోదామని కొడుకు. తల్లి మెడలోని సరుడు తాకట్టు పెట్టితేనే బోరు బండి వస్తుంది. ఆ తల్లిని ఎవరూ అడగలేదు. మూడు దినాలుగా ఆ ఇంట్లో తండ్రీకొడుకులు మాట్లాడుకొనుట లేదు. సంగటి మాత్రం ఇద్దరికీ ఆమెయే పెడుతున్నది. ఇప్పుడు నవల మొదలైనది. ఎందుచేతనంటే, ఆమె ఏమి చేస్తుందో మనకు తెలుసుకోవలెనని ఉన్నది.

ఒక మనిషి, ఆ మనిషికి గాఢమైన ఒక కోరిక, దానికి అడ్డుపడే ఒక బలమైన కారణం. ఈ మూడూ ఒక్క చిన్న కాగితం మీద రెండు వాక్యాలలో వ్రాయగలిగిననాడు మీరు నవలకు సిద్ధమైనారు. వ్రాయలేకపోతే ఇంకా కొంతకాలం ఆలోచించండి. అడ్డుపడేవాడు దుర్మార్గుడే కానక్కరలేదు. పై ఇంట్లో తండ్రిదీ న్యాయమే, కొడుకుదీ న్యాయమే. రెండు న్యాయాలు ఢీకొన్నప్పుడే పాఠకుడు నిద్రపోకుండా పుటలు త్రిప్పుతాడు.

రెండవది, ఎల్ల గీయుట. తొలి నవల వ్రాసేవారు మూడు తరాల చరిత్ర, నలుబది పాత్రలు, స్వాతంత్ర్యోద్యమం, రెండు కరువులు, అన్నీ ఒక్క పుస్తకంలో ఎక్కించబోతారు. బండి కదలదు. విశ్వనాథ సత్యనారాయణగారు 'వేయిపడగలు' 29 దినాలలో చెప్పి వ్రాయించినారని ప్రసిద్ధి. ఆ నవల 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని అడవి బాపిరాజుగారి 'నారాయణరావు'తో కలసి పంచుకొన్నది. అది అంతకుముందే ఎన్నో కావ్యాలు వ్రాసి చేయి తిరిగిన మహాకవి మాట. తొలి అడుగు వేసేవారికి మేలైన దారి కేశవరెడ్డిగారి ముసలివాడిది: ఒక చోటు, ఒక రాత్రి. ఒక రాత్రి చాలకపోతే ఒక పంటకాలం తీసుకోండి. నాటినది మొదలు నూర్చినదాకా. లేదా ఒక తిరునాళ్ల పదునెనిమిది దినాలు. కాలానికి గట్టు ఉంటే కథ నిలుస్తుంది. గట్టు లేని చెరువు నీళ్లు ఎటు పోతాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

మూడవది, ఎక్కడ ఎత్తుకోవలె? ఊరి వర్ణనతోను, సూర్యోదయంతోను, నాయకుని పుట్టుకతోను ఎత్తుకోవలెనని మనకొక అలవాటు. వీరేశలింగంగారు ధవళేశ్వర వర్ణనతో ఎత్తుకొన్నారు. ఆనాటి పాఠకునికి అది తగినది. నేటి పాఠకునికి మొదట మనిషిని చూపండి, ఊరు వెనుకనుండి వస్తుంది. ఏదో ఒకటి మారిపోయిన దినాన మొదలు పెట్టండి. రెండవ బోరులోనుండి నీళ్లకు బదులు దుమ్ము లేచిన మధ్యాహ్నం. కొడుకు బెంగుళూరునుండి చెప్పకుండా దిగిన తెల్లవారుజాము. ఆ ఇంటి పూర్వచరిత్ర అంతా మీకు తెలిసి ఉండవలె; కాని మొదటి పుటలోనే పాఠకునికి అప్పగించకూడదు. కొత్త అల్లునికి గుమ్మంలోనే ఇంటి అప్పులన్నీ చెబుతామా?

నాలుగవది, సాగించుట. ఇక్కడనే ఎక్కువమంది ఆగిపోతారు. మొదటి పది పుటలు ఉత్సాహం వ్రాయిస్తుంది. తరువాతివి అలవాటు వ్రాయించవలె. మన ద్రౌపదమ్మ గుళ్ల వద్ద జరిగే భారతపు తిరునాళ్లలో అర్జున తపస్సు మీరందరూ చూచినారు. ఎత్తైన మాను, పై కొనదాకా మెట్లు. అర్జున వేషధారి క్రింద నిలిచి ఒక్కసారిగా ఎగిరి పైకి పోడు. ఒక మెట్టు, ఒక పద్యం. మరొక మెట్టు, మరొక పద్యం. ఎక్కుతున్నంతసేపూ అతని చూపు తరువాతి మెట్టు మీద. నవల వ్రాయుటయూ అంతే. దినానికి ఒక్క పుట వ్రాయండి. ఏడాదికి 365 పుటలు. అందులో సగం బాగులేవని చించివేసినా 180 పుటలు మిగులుతాయి. తొలి నవలకు అది చాలు. పాలు పితికిన తరువాతనో, అంగడి మూసిన తరువాతనో, పిల్లలు నిద్రించిన తరువాతనో, ఏదో ఒక వేళ నిర్ణయించుకోండి. ఆ వేళకు ఏమీ తోచకపోయినా కాగితం ముందు కూర్చోండి. నేటి పుటను వాక్యం నడుమ ఆపి, రేపటికి ఆ వాక్యం కొన అందేటట్లు ఉంచుకోండి. మొదటిసారి వ్రాస్తున్నప్పుడు వెనుకకు తిరిగి దిద్దవద్దు. చివరిదాకా పోయిన తరువాత దిద్దుటకు కావలసినంత కాలమున్నది. సగం కట్టిన ఇంటికి సున్నం కొట్టేవారు లేరు కదా.

వ్రాస్తున్న కాలంలో చదువుట మానవద్దు. ప్రపంచ నవలలు ఆంగ్లంలో చదవలేనివారికి మాలతీ చందూర్‌గారు 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' అనే శీర్షికతో ఎన్నో నవలల సారం తెలుగులో అందించినారు. అవి పుస్తకాలుగా వచ్చినవి. ఇతర దేశాలవారు కథను ఎక్కడ ఎత్తుకొని ఎక్కడ దించినారో వాటివలన తెలుస్తుంది. కాని చదివినది నేటి పుటలోనికి దొంగతనంగా దూరకుండా చూచుకోండి. వీరేశలింగంగారు గోల్డ్‌స్మిత్‌ను పక్కన పెట్టిన క్షణాన్ని జ్ఞాపకం పెట్టుకోండి.

ఇక అన్నిటికంటె కష్టమైన మాట ఒకటి చెప్పవలసి ఉన్నది. పల్లెలో నవల వ్రాసేవానికి పట్టణంలో లేని చిక్కు ఒకటున్నది. "ఇది మా ఇంటి సంగతే" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. చుట్టరికాలు చెడవచ్చు. కులాల మధ్య మాట రావచ్చు. ఈ భయం చేతనే చాలమంది తమ ఊరిని విడిచి, తాము చూడని పట్టణంలో చూడని ధనికుల ప్రేమకథలు వ్రాస్తారు. దీనికి ఉపాయమేమి? పేరు మార్చినంతమాత్రాన చాలదు. ముగ్గురు మనుషులను కలిపి ఒక మనిషిని చేయండి. ఒకరి నడక, మరొకరి మాట, ఇంకొకరి కష్టం. అప్పుడు అది ఏ ఒక్కరి బొమ్మా కాదు. అయినా అందరికీ తెలిసిన మనిషి అవుతుంది. పగ తీర్చుకొనేందుకు కలం పట్టవద్దు. పొలం గట్టు తగాదా పంచాయతీలో తేలవలె గాని నవలలో కాదు. మీకు నచ్చని మనిషిని వ్రాసేటప్పుడు, ఆ మనిషి తన పక్షాన ఏమి చెప్పుకొంటాడో అది కూడ అతని నోట చెప్పించండి. చెప్పించలేకపోతే ఆ పాత్ర ఇంకా మీకు అర్థం కాలేదన్నమాట.

కాని భయపడి నిజాన్ని మాత్రం దాచవద్దు. 'మాలపల్లి'ని అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించినది. నిషేధించినవారి పేర్లు నేడు ఎవరికి జ్ఞాపకమున్నవి? పుస్తకం నిలిచి ఉన్నది. ఎవరి నీళ్లకుండ ఎక్కడ పెట్టినారు, ఎవరిని ఏ వీధిలో చెప్పులు విడిచి నడిపించినారు, ఏ ఆడబిడ్డ చదువు ఎందుకు ఆగినది, ఇవి మన ఊళ్ల చరిత్రలో ఉన్నవే. వాటిని వదలి వ్రాసిన పల్లె నవల పటంలోని పల్లె అవుతుంది, బ్రతికిన పల్లె కాదు.

అందుచేత వ్రాసేవారికి చెప్పిన తరువాత, వ్రాయనివారికి కూడ ఒక విన్నపం. రేపు ఈ ఊరి అబ్బాయో అమ్మాయో ఒక నవల వ్రాస్తే, మొదట అందులో మన తప్పులు వెదకి కోపగించుకోకండి. ఒక్కసారి చివరిదాకా చదవండి. ఊరంతా మెచ్చుకొనే పుస్తకం వ్రాయవలెనంటే ఊరిని గురించి ఏమీ చెప్పకుండా ఉండవలె. ముఖ్యంగా ఆడపిల్ల వ్రాస్తే, "ఇది నీకెట్లా తెలుసు?" అని అడగకండి. ఆ ప్రశ్న మగపిల్లవానిని ఎవరూ అడగరు. ఆ ఒక్క ప్రశ్న చేత ఎన్ని నోటుపుస్తకాలు ట్రంకుపెట్టె అడుగుకు చేరినవో!

గ్రంథాలయ కార్యవర్గంవారికి రెండు సూచనలు మనవి చేస్తాను. నెలకొక సాయంకాలం వ్రాతప్రతి పఠనం ఏర్పాటు చేయండి. వ్రాస్తున్నవారు తమ పుటలు నాలుగు బిగ్గరగా చదవవలె. విన్నవారు "ఇక్కడ నిద్ర వచ్చినది, ఇక్కడ ఏమవుతుందోనని ఆతురత కలిగినది" అని రెండు ముక్కలు చెప్పవలె. అంతకు మించిన విమర్శ తొలి నవలకు అక్కరలేదు. నాటకంలో పద్యం తప్పితే పట్టుకొనే చెవి మన పల్లెవారికి ఉన్నది. ఆ చెవి వ్రాసేవారికి గురువు. రెండవది, ఒక పెద్ద లెక్కల పుస్తకం కొని గ్రంథాలయం బల్లమీద ఉంచండి. పోయిన పనిముట్ల పేర్లు, పొలాల పేర్లు, సామెతలు, ఊరి సంగతులు ఎవరికి ఏది జ్ఞాపకం వస్తే అది అందులో వ్రాయవలె. వ్రాయలేనివారు చెబితే గ్రంథపాలకులు వ్రాసుకోవలె. రేపటి నవలాకారునికి అది విత్తనాల గాదె.

యువమిత్రులారా, నేను చెప్పినదంతా మరచినా ఒక్కటి మరువకండి. తొలి నవలకు కావలసినది ఎవరూ కనీ వినీ ఎరుగని కథ కాదు. మీకు బాగుగా తెలిసిన ఒక చోటు, అక్కడ ఒక మనిషికి తప్పించుకోలేని ఒక ప్రశ్న, ఆ ప్రశ్న వెంట దినానికి ఒక పుట. ఇవి మూడూ కొనేవి కావు. ఎవరినీ అడిగి తెచ్చుకొనేవీ కావు. ఈ రాత్రి ఇంటికి పోయి, పడుకొనేముందు ఆ రెండు వాక్యాలు వ్రాయండి. రేపు మొదటి పుట వ్రాయండి.

25 ఏండ్లుగా ఈ గ్రంథాలయం బయటి ఊళ్ల పుస్తకాలను మన ఊరికి తెచ్చినది. స్వర్ణోత్సవం నాటికి మన ఊరి పుస్తకాన్ని బయటి ఊళ్లకు పంపవలె. ఆనాడు ఈ వేదిక మీద మాట్లాడేవారు తమ ప్రసంగానికి ఉదాహరణలు వెదకి తెచ్చుకొనే శ్రమ లేకుండా, ఈ బీరువాలోనుండి మీ నవలను చేతికి తీసుకొందురు గాక అని కోరుతున్నాను.